బిళ్ళ మింగితే బీడీ

రాజమండ్రి,
8 జూలై 2024, సోమవారం

అత్తా,

క్షమించమని అడగడానికి రాస్తున్నాననుకోకు. తాతయ్య సంవత్సరీకం రోజు నీ చేతిలోంచి బీడీ కట్ట లాక్కుని పెరటి వెనక కాలవలోకి విసిరేసినందుకు నాకేమీ సిగ్గుగా లేదు. చుట్టాలంతా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా నాన్నని "సొంత అక్కకి పొగబెట్టి నోరు మూయిస్తున్నారు మీరు" అన్నందుకూ లేదు. ఇంటి గడప తొక్కొద్దన్నారు కదా, తొక్కను. గడపలు నాకు రాజమండ్రిలో బోలెడున్నాయి.

ఆ రోజు నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. అమ్మ నీకు బిళ్ళ ఇచ్చింది. నువ్వు మింగావు. నోరు తెరిచి చూపించావు, నాలుక ఎత్తి కూడా చూపించావు. అప్పుడు అమ్మ కొంగు ముడి విప్పి బీడీ కట్ట నీ చేతిలో పెట్టింది. సర్కస్‌లో ఏనుగు బల్ల మీద కూర్చుంటే అరటిపండు ఇస్తారే, అలాగ. పదిహేనేళ్ళుగా ఇదేనట వరస. నేను హాస్టళ్ళలో పడి చదువుకుంటూ ఇదేమీ చూడకుండా పెరిగినందుకు నా మీద నాకే మండింది, ఆ మంటలోనే కట్ట విసిరాను. నీ మీద కాదు.

నా ఉద్యోగం నీకు సరిగ్గా ఎవరూ చెప్పి ఉండరు. "ఫోన్లు మాట్లాడే పని" అని నాన్న నవ్వుతారు. పొగ మానాలనుకునేవాళ్ళకి మేం వారానికోసారి ఫోన్ చేస్తాం. నిన్న ఎన్ని కాల్చారు, కాల్చాలని చెయ్యి పీకినప్పుడు ఏం చేశారు అని అడుగుతాం, చివరిదాకా తోడుంటాం. మొహం చూడకుండానే ఈ ఏడాది పదకొండు మంది చేత మాన్పించాను నేను. అందులో ఒక లారీ డ్రైవరు, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు. నీ పేరు కూడా రాయబోతే మా ఇన్‌ఛార్జి రమేష్ బాబు గారు కలం పట్టుకుని ఆపేశారు. "మానసిక జబ్బున్నవాళ్ళని డాక్టర్ ఉత్తరం లేకుండా చేర్చుకోకూడదమ్మా, రూలు." ఎందుకండీ ఆ రూలు అంటే, "రూలమ్మా" అన్నారు మళ్ళీ. అంటే లారీ డ్రైవరుకి ఊపిరితిత్తులున్నాయి, నీకు లేవు. దీన్ని అంటరానితనం అనకపోతే ఏమనాలి? మనిషిని ముందు వెర్రిది అని ముద్రవేసి, తర్వాత పొగలో పడేసి, ఆ పొగలోనే చావనివ్వడం ఈ వ్యవస్థకి అలవాటైపోయింది.

కాబట్టి నేనే చేస్తాను. నీకు చెవిలో వినపడే ఆ గొంతులు, నువ్వు కమిటీ అని పిలుస్తావే, ఆ కమిటీవాళ్ళు ఫోన్లో దూరి నీ మాటలు వింటారని నువ్వు ఫోన్ ముట్టుకోవు. సరే, ఫోనొద్దు. ఉత్తరం ఉంది. వచ్చే సోమవారం నుంచి తగ్గించడం మొదలుపెడుతున్నావు. ఆసుపత్రి వాళ్ళకీ నాన్నకీ రమేష్ బాబు గారికీ అందరికీ కలిపి జవాబు నీ చేత చెప్పిస్తాను.

నీ మేనకోడలు,
దేవిశ్రీ


పాలకొల్లు,
13 జూలై, శనివారం

దేవీ,

పోస్టుమాన్ ఎజ్రా పెరటి గుమ్మం దాకా వచ్చి "మేడమ్, మీకేనండి" అన్నాడు. ఈ కాంపౌండులో నన్ను మేడమ్ అనేది అతనొక్కడే. అందుకని నీ ఉత్తరం మర్యాదగా చదివాను.

ముందు కాలవ సంగతి. నువ్వు కట్ట విసిరి, మీ నాన్నని నలుగురిలో దులిపి, బస్సెక్కి వెళ్ళిపోయావు. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ సాయంత్రం నా చేతులు వణికిన వణుకు నువ్వు చూడలేదు. చివరికి మీ అమ్మ నెత్తిన కొంగేసుకుని బుల్లియ్య కిళ్ళీకొట్టుకి నడిచింది. సంవత్సరీకం పూట చంద్రరావు గారి భార్య బీడీలకి వచ్చిందేంటని కొట్టు ముందున్న వాళ్ళంతా చూశారట. విప్లవం నీది, నడక నాగదుర్గది.

నేను పుట్టుకతో బీడీ తాగేదాన్ని కాదు. ఇంటర్ చదివాను, ఈ వీధి పిల్లలకి లెక్కలు చెప్పాను. ముప్పై రెండో ఏట ఆసుపత్రిలో పడేశాక అంటుకుంది. అక్కడ వార్డు ఊడిస్తే ఒక బీడీ, పక్క మంచం ఆవిడకి స్నానం చేయిస్తే రెండు. చాప మీద పదిమందిమి కూర్చుని ఒకళ్ళ నిప్పుతో ఒకళ్ళు ముట్టించుకునేవాళ్ళం. అదే మాకు పేరంటం. ఒక్క డాక్టరు కూడా అదేంటని అడగలేదు. మేం గొడవ చేయకుండా ఉంటే వాళ్ళకి చాలు.

నువ్వు మూడు పేజీలు రాశావు. "అత్తా, నీకు మానాలని ఉందా" అనే ముక్క ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు వెతికాను. లేదు.

ఉంది, నాకు మానాలని. నువ్వు చెప్పిన వ్యవస్థ కోసం కాదు. నా మంచం పెరట్లో కొబ్బరికాయల కొట్టు పక్క గదిలో ఉంటుంది, నా కంచం అక్కడికే వస్తుంది. వాసన అంటారు. అబద్ధమేం కాదు, వాసనే. నాకు మనుషుల పక్కన కూర్చుని అన్నం తినాలనుంది. అంతే. నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మలు మాత్రం పంపకు. భయపెడితే మానేదాన్నయితే కమిటీకి భయపడి ఈపాటికి గాలి పీల్చడమే మానేసేదాన్ని.

ఇంకో సంగతి తెలుసుకుని మొదలుపెట్టు. నువ్వు వెళ్ళిన రెండో రోజు చంద్రం నాలాంటివాళ్ళని పెట్టుకునే ఒక హోమ్ వాళ్ళ దగ్గర ఫారం తెచ్చి బీరువాలో పెట్టాడు. "అక్కకి మళ్ళీ ఏ కాస్త తేడా చేసినా పంపించేస్తాను, ఈ గొడవలు నేను పడలేను" అని నాగదుర్గతో అన్నాడు. నాకు వినపడేలాగే అన్నాడు. హోమ్ అంటే ఏంటో నాకు తెలుసు, ఆసుపత్రిలో పదకొండు నెలలు చూశాను. తలుపు బయట గడియ ఉంటుంది. నీ ఆవేశానికి నేను బల్లనవుతాను గానీ, గుద్దేముందు చూసి గుద్దు.

రత్నమాణిక్యం


రాజమండ్రి,
19 జూలై, శుక్రవారం

అత్తా,

అడగలేదు, నిజమే. చెంప మీద కొట్టినట్టు రాశావు. పడ్డాను.

కానీ ఆ ఫారం సంగతి అలా వదిలేసేది కాదు. సొంత అక్కని గొడ్డుని సంతకి తోలినట్టు తోలడానికి కాగితం బీరువాలో పెట్టుకున్న మనిషి, మొన్న నాతో సంప్రదాయం గురించి మాట్లాడారు. ఏం ఫర్వాలేదు. నువ్వు మానేసి చూపిస్తే ఆ కాగితం ఆయనే చించుకుంటారు.

పద్ధతి చెబుతాను. ఇప్పుడు రోజుకి ఎన్నో ముందు మూడు రోజులు నిజం రాసుకో. తర్వాత పొద్దున్న మొదటి బీడీని వెనక్కి నెట్టు. లేవగానే కాకుండా కాఫీ అయ్యాక, ఇంకో వారం తర్వాత ఎండెక్కాక. చెయ్యి పీకినప్పుడు పది నిమిషాలు ఆగు, ఆ పది నిమిషాలూ చేతికి పని ఉండాలి, చిక్కుడుకాయలు ఈనె తియ్యి, బియ్యంలో రాళ్ళేరు, ఏదైనా. నోట్లో లవంగం పెట్టుకో. ఆ పది నిమిషాలు దాటితే అల దాటినట్టే. ఫోన్లో అందరికీ ఇదే చెబుతాను. నువ్వు వారం వారం రాయి. నేను ఇక్కణ్ణించి పట్టుకుని ఉంటాను.

అసలు కష్టం నీకు బీడీతో కాదు, మా అమ్మతో. ఆవిడ బిళ్ళకీ బీడీకీ ముడేసింది. నీకు మందు ఇవ్వడానికి నిన్ను బానిసని చేసింది. ఆ ముడి నువ్వే విప్పాలి. బిళ్ళ మింగాక "బీడీ వద్దు నాగదుర్గా" అను. ఆవిడ మొహం ఎలా మారుతుందో నాకు రాయి, అది చదివి కనీసం ఒక పూట సంతోషపడతాను.

డాక్టరుకి చెప్పమంటావేమో. ఎందుకు? తాగేటప్పుడు అడగని వాళ్ళు, మానేటప్పుడు అనుమతి ఇచ్చేదేంటి? నీ ఊపిరి నీది.

ధవళేశ్వరంలో గేట్లన్నీ ఎత్తేశారు. గోదారి ఎర్రగా, నాలాగే ఉంది.

దేవిశ్రీ


పాలకొల్లు,
5 ఆగస్టు, సోమవారం

దేవీ,

నిజం రాసుకోమన్నావు. మొదటి మూడు రోజులు పద్దెనిమిది, ఇరవై, పద్దెనిమిది. నిన్న ఏడు.

కమిటీవాళ్ళకి ఇది అస్సలు నచ్చలేదు. లవంగం నమిలితే పళ్ళూడిపోతాయని ఒకడు, ఇదంతా చంద్రం పన్నాగం అని ఇంకొకడు. "పది నిమిషాలాగండయ్యా, అల దాటాక మాట్లాడుకుందాం" అన్నాను. ఆశ్చర్యంగా ఆగారు. చిక్కుడుకాయలు అయిపోతే ఊళ్ళో చిక్కుడు తోటే కొనాలి, ఇంట్లో రోజూ అదే కూర. మణిదీప్ కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా "అత్తా, నువ్వు మానేలోపు మేం అన్నం మానేస్తాం" అంటున్నాడు. నీ తమ్ముడు నాతో వేళాకోళం ఆడి ఎన్నేళ్ళయిందో.

నువ్వు అడిగావు కాబట్టి మీ అమ్మ మొహం సంగతి. "బీడీ వద్దు నాగదుర్గా" అన్నాను. ఆవిడ మొహం నువ్వు అనుకున్నట్టు మారలేదు. భయపడింది. "బీడీ వద్దంటే రేపు బిళ్ళా వద్దంటారేమో వదినగారూ" అంది. వద్దనను అన్నాను. మూడు రోజులు నా నోట్లోకి టార్చి లైటేసి చూసింది. నాలుగో రోజు లైటు తేలేదు. మంచం పట్టె మీద కూర్చుని నాతోపాటు చిక్కుళ్ళకి ఈనె తీసింది.

ఆ ముడి గురించి నువ్వు రాసింది సరిగ్గా లేదు. ఎప్పుడైనా చెబుతాను.

పొద్దున్న లేవబుద్ధి కావట్లేదు, అదొక్కటే. ఒళ్ళు తడిసిన బస్తాలా ఉంటోంది. ఇది మామూలేనా?

మీ అత్త


రాజమండ్రి,
12 ఆగస్టు, సోమవారం

అత్తా,

ఏడు. నేను కుర్చీలోంచి లేచి ఆఫీసులో అందరికీ చెప్పేశాను. పేరు చెప్పలేదులే. "మీరు వద్దని గెంటేసిన మనిషి, ఒక్క ఫోన్ కాల్ లేకుండా, ఉత్తరాల మీద ఇరవై నుంచి ఏడుకి వచ్చింది, మన లారీ డ్రైవరు మూడు నెలలు తీసుకున్నాడు" అన్నాను. రమేష్ బాబు గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని "ఏ మందు మీద ఉన్నారమ్మా ఆవిడ? డాక్టరుకి చెప్పారా?" అన్నారు. చూశావా. చప్పట్లు కొట్టాల్సిన చోట సంతకం అడుగుతారు. నీ పేరు చెబితే ఫైలు, చెప్పకపోతే అనుమానం. "మీ రూలు కన్నా ఆవిడ మొనగత్తె అండి" అని వచ్చేశాను.

నీరసం మామూలే. నా దగ్గరున్న కరపత్రంలో ఉంది: నికోటిన్ దిగుతున్నప్పుడు మత్తు, బద్ధకం, చిరాకు, మూడు నాలుగు వారాలు ఉంటాయి. ఒంట్లోంచి విషం పోతోందన్నమాట. కాఫీ ఇంకోటి తాగు. ఆగొద్దు. ఇరవయ్యో తారీకు నీ ఆఖరి బీడీ. ఆ రోజుకి ఒకటి మిగిలితే అది కాల్చకు, ముక్కలు చేసి నలుపు.

అమ్మ భయపడిందంటే నేను నమ్మను. అమ్మకి నీ మీద పెత్తనం పోతోందని బాధ. చిక్కుళ్ళు తీసినంత మాత్రాన కరిగిపోకు.

నీ గురించి గర్వంతో ఛాతీ పగిలిపోతున్న
దేవిశ్రీ


పాలకొల్లు,
29 ఆగస్టు

దేవీ

మానేసాను. తొమ్మిది రోజులు. ఒక్కటి కూడా లేదు.

అక్షరాలు వంకరగా ఉంటాయి, క్షమించు. కలం జారుతోంది. నోట్లోంచి నీళ్ళు కారి దిండు తడిసిపోతోంది, పగలు కూడా. నిన్న అన్నం ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయానట. మొన్న పెరట్లో కుళాయి దగ్గర పడ్డాను. మోకాలు కొట్టుకుంది. చంద్రం చూశాడు. లోపలికెళ్ళి ఫోన్ చేశాడు.

కమిటీవాళ్ళు కూడా నిద్రపోతున్నారు. ఎవరూ లేరు. నేనూ లేను.

బిళ్ళలు నాగదుర్గే నోట్లో వేస్తోంది ఇప్పుడు. నా చేతులు పట్టుకోలేకపోతున్నాయి.

నువ్వు చెప్పిన మూడు నాలుగు వారాలు ఎప్పటికవుతాయి

రత్న


రాజమండ్రి,
2 సెప్టెంబర్, సోమవారం

అత్తా,

నీ ఉత్తరం చదివాను. ఇది నికోటిన్ దిగడం కాదు. పదకొండు మందిని చూశాను, ఎవరికీ చొంగ కారలేదు, ఎవరూ కంచంలో నిద్రపోలేదు. ఇది బిళ్ళలు. నీకు ఎక్కువ బిళ్ళలు వేస్తున్నారు. నువ్వే రాశావు, అమ్మే నోట్లో వేస్తోందని. బీడీతో నిన్ను పడుకోబెట్టడం కుదరట్లేదు, ఇప్పుడు మందుతో పడుకోబెడుతున్నారు. పడిపోతే చాలు, నాన్న ఫోన్ చేస్తారు, ఫారం సిద్ధంగా ఉంది. ఇంత చిన్న లెక్క నాకు అర్థం కాదనుకున్నారా వాళ్ళు?

ఇందాకే అమ్మకి ఫోన్ చేశాను. "మీరు ఆవిడకి విషం పెడుతున్నారు" అన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. మాట్లాడ్డానికి ఏముంటుంది.

విను. బిళ్ళ నోట్లో వేసినప్పుడు నాలుక కిందికి తోసుకో. నీకు ఆ విద్య ఆసుపత్రిలోనే వచ్చి ఉంటుంది. ఆవిడ వెళ్ళాక ఉమ్మెయ్. ఈ ఉత్తరం అందిన పూట నుంచే. నేను ఆదివారం కలెక్టర్‌కి అర్జీ రాస్తాను, పేపర్లకి రాస్తాను, ఆ హోమ్ ముందు ధర్నాకి కూర్చుంటాను.

ఉమ్మెయ్ అత్తా. నన్ను నమ్ము.

దేవిశ్రీ


పాలకొల్లు,
11 సెప్టెంబర్, బుధవారం

దేవీ,

నీ రెండో తారీకు ఉత్తరం ఆరున అందింది. ఉమ్మలేదు.

ఎందుకు ఉమ్మలేదో చెప్పాలంటే ఆ ముడి సంగతి చెప్పాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో నేను బిళ్ళలు ఉమ్మేసేదాన్ని. నువ్వన్నట్టు ఆ విద్య నాకు బాగా వచ్చు. దిండు గలీబులో దాచేదాన్ని. ఆరు వారాలకి కమిటీ నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టింది, నువ్వు అప్పటికి మూడో క్లాసు. తర్వాత ఒళ్ళు తెలిసినప్పుడు నేనే నాగదుర్గతో అన్నాను: "నన్ను నమ్మకు. బిళ్ళ మింగానని నోరు చూశాకే బీడీ ఇయ్యి. అప్పుడు నాకు ఆశ ఉంటుంది, మింగుతాను." ఆ బేరం పెట్టింది నేను. పదిహేనేళ్ళు దాన్ని మాట తప్పకుండా నిలబెట్టింది మీ అమ్మ. బుల్లియ్య కొట్టుకి ఆవిడ నడిచింది నువ్వు కట్ట విసిరిన రోజు ఒక్కటే కాదు. నువ్వు ఏనుగు అన్నది నన్ను. ఏనుగు తన మావటిని తనే ఎంచుకుందని నీకు తట్టలేదు.

నీ ఉత్తరం చదువుతుంటే అక్షరాలు ఈదుతున్నాయి. రెండోసారి చదివి నాగదుర్గకి ఇచ్చాను. నీ ఉత్తరాల్లో ఆవిడకి చూపించింది అదొక్కటే. చదివింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లోపలికెళ్ళి మందుల డబ్బా, చీటీ, షాపు బిల్లు తెచ్చి మంచం మీద బోర్లించింది. "లెక్కపెట్టండి వదినగారూ" అంది. ఒకప్పుడు లెక్కలు చెప్పినదాన్ని, ఆవులిస్తూ లెక్కపెట్టాను. మూడుసార్లు పెట్టాను. ఒక్క బిళ్ళ తేడా లేదు.

అవే బిళ్ళలు, అన్నే బిళ్ళలు. మరి నేనెందుకిలా ఉన్నాను అన్నాను. ఆవిడ బిళ్ళలు మళ్ళీ డబ్బాలో వేస్తూ "మారింది బీడీ ఒక్కటేనండి" అంది. ఏడో తరగతి చదివింది మీ అమ్మ. కరపత్రాలు చదవదు.

సోమవారం చంద్రం రొయ్యల చెరువు మీదికి వెళ్ళాక మేమిద్దరం భీమవరం బస్సెక్కాం. నేను ఆవిడ భుజం మీద నిద్రపోయాను. డాక్టరు ఎప్పట్లాగే నావైపు చూడకుండా "ఎలా ఉందమ్మా ఈవిడకి" అన్నాడు. నాగదుర్గ "బీడీ మానేశారండి" అంది. అప్పుడు తలెత్తాడు. ఎప్పుడు మానేశారు, రోజుకి ఎన్ని తాగేవారు అని అడిగాడు. నువ్వు రాసుకోమన్న కాగితం ఇచ్చాను. చూసి రక్తం తీయించాడు.

విషయం ఇది. నేను మింగే ఈ మందుని పొగ కరిగించేస్తుందట. నికోటిన్ కాదు, పొగ. ఇన్నేళ్ళూ సగం మందు బీడీ తినేస్తూ ఉంది కాబట్టి, దానికి సరిపడా ఎక్కువ వేస్తూ వచ్చారు. బీడీ ఆగింది. తినేవాడు లేడు. అవే బిళ్ళలు నాకు రెట్టింపయ్యాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఫిట్స్ వచ్చేవట. నువ్వు చెప్పినట్టు ఒక్కసారిగా ఉమ్మేసి ఉంటే మళ్ళీ నడిరోడ్డు. "మానేముందు నాకు చెప్పాలి కదమ్మా" అన్నాడు. "మీరు పదిహేనేళ్ళలో ఒక్కసారి అడిగారా" అన్నాను నేను. చొంగ కారుతూనే అన్నాను. మందు తగ్గించాడు, వారం వారం ఇంకా తగ్గిస్తానన్నాడు. మళ్ళీ బీడీ మొదలుపెడితే ఆ సంగతీ చెప్పాలట, లెక్క తిరగబడుతుంది కాబట్టి.

ఇంకోటి దాచను. నాలుగో తారీకున నేను ఎంత లేపినా లేవకపోతే, లేస్తానేమోనని నాగదుర్గ ఒక బీడీ ముట్టించి ఇచ్చింది. సగం తాగాను. తర్వాత లేదు.

చంద్రం హోమ్ వాళ్ళతో మాట్లాడేశాడు. పందొమ్మిదో తారీకు గురువారం వ్యాను వస్తుందట.

రత్నమాణిక్యం


రాజమండ్రి,
15 సెప్టెంబర్, ఆదివారం

అత్తా,

నేను ఏం రాయను. చంపబోయాను నిన్ను. ఒక్క కరపత్రం చదివి డాక్టర్నైపోయాను. "ఉమ్మెయ్, నన్ను నమ్ము" అని రాసింది ఈ చెయ్యే.

నీ ఉత్తరం తీసుకెళ్ళి రమేష్ బాబు గారి బల్ల మీద పెట్టాను. "రూలుకి కారణం ఇదని జూలైలో ఎందుకు చెప్పలేదండీ నాకు" అని అరిచాను. ఆయన మొత్తం చదివి, మడిచి నా చేతికిస్తూ అన్నారు: "నాకూ తెలీదమ్మా. పైనుంచి వచ్చిన కాగితంలో ఉంది, పాటించాను." కోపం ఎవరి మీద పడాలో తెలీక నా మీదే పడింది. కారణం తెలీకుండా తలుపు మూసినవాడు ఆయన, కారణం అడగకుండా తలుపు బద్దలుకొట్టినదాన్ని నేను. మధ్యలో నువ్వు పడ్డావు, పాపం.

అమ్మకి ఫోన్ చేశాను. ఎత్తింది. నేను ఏడ్చాను. "అన్నం తిన్నావా" అని అడిగింది, అంతే. తిట్టి ఉంటే బావుండేది.

ఇంక నేను రాయను అత్తా. నీకు నేను చేసింది చాలు. పాపం, జీవితమంతా ఎవరో ఒకరు నీ మీద ప్రయోగం చేస్తూనే ఉన్నారు, ఆఖరి ప్రయోగం నాది. నీకు మరీ కష్టంగా ఉంటే రోజుకి రెండో మూడో తాగు, డాక్టరుకి చెప్పి తాగు, పాపం నువ్వు పడ్డదానికి ఆ మాత్రం సుఖం ఉండొద్దా. ఎవరూ ఏమీ అనరు. గురువారం నేను వచ్చి ఆ వ్యాను ముందు పడుకుంటానంటే అమ్మ వద్దంది, వస్తే నాన్న ఇంకా మొండికేస్తారట. పాపం, నీకు సాయం చేయబోయి నిన్ను ఆ వ్యాను దాకా తెచ్చాను.

దేవిశ్రీ


పాలకొల్లు,
24 సెప్టెంబర్, మంగళవారం

దేవీ,

నీ ఉత్తరం చదివితే నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండడం తెలిసేంత మెలకువ వచ్చినందుకు ముందు సంతోషించి, తర్వాత మళ్ళీ చదివి మళ్ళీ మండాను.

పాపం అని నాలుగుసార్లు రాశావు. రెండో మూడో తాగు, ఎవరూ ఏమీ అనరు అని రాశావు. ఎవరూ ఏమీ అనకపోవడం నాకు కొత్తా? ఇన్నేళ్ళూ ఊరంతా అన్నది అదే కదే: మతి సరిగా లేని మనిషి, ఆ ఒక్క సుఖం ఎందుకు లాక్కోవడం, తాగనివ్వండి. ఆసుపత్రిలో ఆయా అదే అంది. మీ నాన్న అదే అన్నాడు. ఆ మాటని తీసుకెళ్ళి కాలవలో పారేసింది నువ్వు ఒక్కదానివి. ఒక్క దెబ్బ తగిలేసరికి వాళ్ళ పక్కకెళ్ళి నిలబడ్డావు.

నువ్వు చేసిన తప్పు చిన్నది కాదు. నేను మర్చిపోను, నువ్వూ మర్చిపోకు. అడగకుండా మొదలుపెట్టావు, తెలీకుండా చెప్పావు, మీ అమ్మని అనరాని మాట అన్నావు. కానీ నాకు మానాలని ఉందన్నది నేను. కాగితం మీద పద్దెనిమిది, ఇరవై రాసింది నేను. మానింది నేను. ఇదంతా నీ ప్రయోగమే అంటే మరి నేనెక్కడున్నాను ఇందులో? చిక్కుళ్ళ బుట్టలోనా?

గురువారం వ్యాను వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ. వాసన లేదని నాగదుర్గ నా కంచం ఇప్పుడు లోపలే పెడుతోంది, చంద్రం, నేను, తను కూర్చుని తింటున్నాం. ఇద్దరు మనుషులు గుమ్మంలో నిలబడి చంద్రాన్ని "పేషెంట్ ఎలా ఉన్నారండి, గొడవ చేస్తారా" అని అడిగారు. నేను కంచం ముందునుంచి లేచాను. "పేషెంట్‌ని నేను. నన్ను అడగండి" అన్నాను. "అక్కా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు చంద్రం. వెళ్ళలేదు. ఎంగిలి చేత్తోనే అరిచాను. పడిపోయింది మందు ఎక్కువై, మందు ఎక్కువైంది బీడీ మానేసి, మానేసినదాన్ని బంధిస్తావా, తాగినన్నాళ్ళూ కొట్టు పక్కన పెట్టి, మానేశాక వ్యానెక్కిస్తావా అని. ఇంకా చాలా అన్నాను. వీధిలోకి వినపడింది.

"చూశారా, మళ్ళీ మొదలైంది" అన్నాడు చంద్రం వాళ్ళతో.

నాగదుర్గ మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "ఏమీ మొదలవలేదండి. ఆవిడకి కోపమొచ్చింది. రొయ్యకి తెగులొచ్చినప్పుడు మీరు ఇంతకన్నా గట్టిగా అరుస్తారు, మిమ్మల్ని ఎప్పుడైనా వ్యానెక్కించామా" అంది. పాతికేళ్ళ కాపురంలో పరాయివాళ్ళ ముందు ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం నేను చూడలేదు. భీమవరం డాక్టరు రాసిన కాగితం తెచ్చి చూపించింది. వచ్చినవాళ్ళలో పెద్దాయన చదివి, "ఈవిడ శుభ్రంగా మాట్లాడుతున్నారు సార్, రానంటే మేం తీసుకెళ్ళకూడదు" అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. చంద్రం చెయ్యి కడుక్కుని చెరువు మీదికి వెళ్ళాడు. ఐదు రోజులుగా నాతో మాట్లాడ్డంలేదు. ఫారం ఇంకా బీరువాలోనే ఉంది, చించలేదు. ఇది అయిపోలేదు. కానీ అతను మాట్లాడకపోయినా ఎదురుగా కూర్చునే తింటున్నాడు.

అదీ నేను నీకు చెప్పాలనుకున్నది. నీకు కోపమొస్తే ఆవేశం అంటారు. చంద్రానికి వస్తే పెద్దరికం అంటారు. నాకు వస్తే బిళ్ళ వేస్తారు. ఈసారి వెయ్యలేదు. ముప్పై రెండో ఏట నుంచి ఇప్పటిదాకా నేను కోపం తెచ్చుకుని, తెచ్చుకున్న కోపం నా దగ్గరే ఉంచుకున్న రోజు ఆ గురువారం ఒక్కటే.

ఆ సగం బీడీ తర్వాత ఇరవై రోజులు. నిన్న రాత్రి బిళ్ళ ఇంకో సగం తగ్గించారు. చొంగ లేదు. కమిటీవాళ్ళు కొందరు నిద్రలేచారు, తక్కువ మందే, సర్దుకుంటాను. చెయ్యి ఇంకా పీకుతోంది, సాయంత్రాలు మరీ. కాబట్టి నాకు ఉత్తరాలు కావాలి. రాయనంటే కుదరదు. మీ రమేష్ బాబు గారికి డాక్టరు ఉత్తరం పంపుతున్నాను, ఈ కవరులోనే ఉంది. నా పేరు మీ రిజిస్టర్లో రాయించు, పక్కన ఫోన్ నంబరు ఉండాల్సిన గడిలో పాలకొల్లు పిన్‌కోడ్ రాయించు. రూలుకి కారణం కూడా ఆ పేజీలోనే కింద రాయమను, తర్వాత వచ్చేవాళ్ళకి.

వారానికొకటి. ఈసారి అడుగు, చెప్పకు. తెలీకపోతే తెలీదని రాయి. నా మీద కోపమొస్తే కోపంగానే రాయి, పడతాను, తిరిగి తిడతాను. జాలేసిన రోజు మాత్రం ఆ కవరు అంటించకు.

రత్నమాణిక్యం